ఎనిమిదో వంతు ఇంజన్‌కు ఎనిమిదో వంతు గాజు గొట్టం ఎందుకు సరిపోదు

చెన్నైలో పెరంబూరు, అయనావరం ప్రాంతాల్లో స్థిరపడి, రైల్వే వర్క్‌షాపుల్లో ఫిట్టర్లుగానో టర్నర్లుగానో పనిచేసి విరమించిన మన తెలుగు పెద్దలు కొందరు అప్పుడప్పుడు నా మేడ మీది గదికి వస్తుంటారు. చిన్న లేత్ పక్కన సగం తయారై ఉన్న చిన్న నమూనా ఆవిరి ఇంజన్‌ను చూసి వారు ముందుగా అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: అసలు ఇంజన్ డ్రాయింగులు ఉన్నాయి కదా, కొలతలన్నిటినీ ఎనిమిదితో భాగించుకుంటూ పోతే సరిపోదా? పెద్ద ఇంజన్ల మధ్య జీవితం గడిపినవారికి ఈ ప్రశ్న రావడం సహజమే. కంటికి కనిపించడానికి మాత్రమే ఉన్న భాగాలకు ఆ లెక్క సరిపోతుంది. నీరు, ఆవిరి ప్రవహించే భాగాలకు సరిపోదు. నమూనా ఇంజన్ పనిలో ఉన్న చిక్కంతా ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో తెలుసుకోవడంలోనే ఉంది.

ముందుగా ఆ ఎనిమిది ఎక్కడిదో చెప్పాలి. దక్షిణ రైల్వే మీటర్ గేజ్ మార్గాల్లో ఒకప్పుడు ప్రయాణికుల బండ్లను లాగిన వై.పి. తరగతి ఇంజన్, ముందు నాలుగు, మధ్యలో ఆరు, వెనుక రెండు చక్రాలున్న 'పసిఫిక్' రకం, నా నమూనాకు నేను ఎంచుకున్న మూలం. మీటర్ గేజ్ పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. మనిషి వెనుక పెట్టె మీద కూర్చుని నడపగలిగిన నమూనా ఇంజన్లకు అనేక దేశాల్లో వాడుకలో ఉన్న 5 అంగుళాల గేజ్ 127 మిల్లీమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 7.87 వస్తుంది, అంటే ఇంచుమించు ఎనిమిదో వంతు. 1372 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న అసలు చక్రం నా ఇంజన్‌లో 174 మిల్లీమీటర్లు అవుతుంది. ఇక్కడివరకు భాగహారమే చాలు.

కనిపించే భాగాల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే అక్కడ ఓపికే తప్ప చిక్కు లేదు. చేతికమ్మీలను పట్టి ఉంచే గుండ్రటి గుబ్బలు, దీపం తగిలించే కొక్కేలు, మెట్లు, ఇంజన్ నంబరు పలకలు, అన్నీ విల్లివాక్కం దగ్గర ఉన్న రైలు మ్యూజియంలో నిలిపిన ఇంజన్లను దగ్గరగా చూసి, కొలత తీసుకుని, తగ్గించి చేయగలిగినవే. నంబరు పలకల కోసం పల్చటి ఇత్తడి రేకు మీద అక్షరాలను మాత్రం రంగుతో కప్పి, మిగతా భాగాన్ని ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో కరిగించి దింపుతాను. సర్క్యూట్ బోర్డులు చేసుకునేవారు రిచ్చీ స్ట్రీట్‌లో కొనుక్కునే ద్రావణమే ఇది. బోల్టుల విషయంలో మాత్రం ఒక చిన్న జాగ్రత్త అవసరం. అసలు ఇంజన్‌లో 24 మిల్లీమీటర్ల బోల్టు ఉంటే దాని ఆరు పలకల తల వెడల్పు 36 మిల్లీమీటర్లు, కాబట్టి నమూనాలో 3 మిల్లీమీటర్ల బోల్టుకు 4.5 మిల్లీమీటర్ల తల ఉండాలి. బజారులో దొరికే 3 మిల్లీమీటర్ల బోల్టు తల 5.5 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు తేడాయే అయినా అలాంటివి వరుసగా ముప్పై బిగిస్తే సిలిండర్ మూత మొత్తం మొరటుగా కనిపిస్తుంది. అందుకే కనిపించేచోట వాడే బోల్టులను ఆరు పలకల కడ్డీ నుంచి నేనే తిప్పుకుంటాను.

ఇక అసలు విషయం. పొడవును ఎనిమిదో వంతు చేస్తే వైశాల్యం అరవై నాలుగో వంతు అవుతుంది, ఘనపరిమాణం ఐదు వందల పన్నెండో వంతు అవుతుంది. కానీ నీటి సాంద్రత తగ్గదు, దాని పైపొరను బిగించి ఉంచే తలతన్యత తగ్గదు, ఒక పీడనం దగ్గర ఆవిరికి ఉండే ఉష్ణోగ్రత తగ్గదు, నీటిలో కొట్టుకువచ్చే ఇసుక రేణువు కూడా తన పరిమాణాన్ని మన కోసం తగ్గించుకోదు. బాయిలర్ చిప్ప గోడలో పుట్టే ఒత్తిడి, లోపలి పీడనాన్ని వ్యాసార్ధంతో గుణించి గోడ మందంతో భాగిస్తే వచ్చేది కాబట్టి, వ్యాసార్ధమూ మందమూ ఒకే వంతున తగ్గినప్పుడు ఆ ఒత్తిడి మారదు. వింతగా అనిపించినా, బాయిలర్ చిప్ప భాగహారానికి లొంగే భాగాల్లో ఒకటి. వై.పి. బాయిలర్ చదరపు అంగుళానికి 210 పౌండ్ల పీడనంతో పనిచేసేది. నమూనాలో ఉక్కుకు బదులు రాగి వాడతాం, రాగి వేడికి బలం కోల్పోతుంది కనుక 80 నుంచి 100 పౌండ్ల మధ్య, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 6 నుంచి 7 కిలోల దగ్గర ఆపుతాం. ఆ 6 కిలోల దగ్గర లోపలి ఆవిరి ఉష్ణోగ్రత దాదాపు 165 డిగ్రీల సెల్సియస్. బాయిలర్‌కు బిగించే, చేతిలో ఇమిడే ఫిట్టింగ్‌లో ఉన్నా అది 165 డిగ్రీల ఆవిరే.

భాగహారం ఎంత ప్రమాదకరంగా తప్పుతుందో చూపడానికి నీటి మట్టం చూపే గాజు గొట్టాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. బాయిలర్ వెనుక పలకకు పైన ఒకటి, కింద ఒకటి అమర్చిన రెండు ఫిట్టింగుల మధ్య నిలువుగా ఉండే ఈ గొట్టంలో నీరు ఎంత ఎత్తులో కనిపిస్తే బాయిలర్‌లో అంత ఎత్తున నీరు ఉన్నట్టు లెక్క. పెద్ద ఇంజన్‌లో దాని లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎనిమిదో వంతు అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు. సన్నని గాజు గొట్టంలో నీరు తలతన్యత వల్ల తనంత తాను పైకి ఎగబాకుతుంది. గొట్టం ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువగా ఎగబాకుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల శుభ్రమైన గొట్టంలో చల్లని నీరు దాదాపు 20 మిల్లీమీటర్లు ఎక్కుతుంది. నీరు వేడెక్కేకొద్దీ తలతన్యత తగ్గుతుంది, కానీ 165 డిగ్రీల దగ్గర కూడా ఈ ఎగబాకుడు సుమారు 14 మిల్లీమీటర్లు ఉంటుంది. నమూనా ఇంజన్‌లో కంటికి కనిపించే గాజు పొడవు యాభై మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అంటే ఆ గొట్టం చెప్పే మాటలో పావు వంతుకు పైగా అబద్ధం. ఆ అబద్ధం కూడా కీడు చేసే వైపే: లోపల లేని నీటిని ఉన్నట్టు చూపిస్తుంది. నిప్పుగూడు పైకప్పు మీద నీరు తగ్గి, ఆ రాగి పలక మంటకు ఎర్రబడుతున్నా, నడిపేవాడు గాజు వంక చూసి నిశ్చింతగా ఉంటాడు.

అందుకే నేను 6 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గొట్టం వాడతాను. వేడి మీద దీనిలో ఎగబాకుడు 5 మిల్లీమీటర్లకు మించదు. ఆ ఐదును కూడా వదిలిపెట్టకుండా, గాజులో కనిపించే అట్టడుగు మట్టం నిప్పుగూడు పైకప్పు కంటే తగినంత పైన ఉండేలా కింది ఫిట్టింగ్‌ను అమరుస్తాను. ఫిట్టింగుల లోపలి దారులు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకన్నా ఇరుకైతే ఆవిరి బుడగ మూలలో ఇరుక్కుని నీటిమట్టాన్ని కదలనివ్వదు. ఇక తయారీలో అసలు మెళకువ రెండు ఫిట్టింగులూ ఒకే గీత మీద ఉండటంలో ఉంది. వాటి బుష్‌లను, అంటే అవి బిగుసుకునే లోహపు కట్లను, వెనుక పలకకు అతికేటప్పుడే గాజు గొట్టం వెలుపలి వ్యాసమే ఉన్న ఉక్కు కడ్డీని రెండింటి గుండా దూర్చి ఉంచితే ఆ గీత తప్పదు. అది తప్పితే ఎంత మంచి గాజైనా వంకర బలానికి వేడెక్కగానే పగులుతుంది. గాజును ఆకురాయి అంచుతో గాటు పెట్టి రెండు బొటనవేళ్ళతో విరిచి, కొసలను మంటలో గుండ్రం చేసి, పొడవు ఒక మిల్లీమీటరు తక్కువగా ఉంచి, రబ్బరు ఓ-రింగుల మధ్య వదులుగా కూర్చోబెట్టాలి. ఆ రబ్బరు ఆవిరి వేడిని తట్టుకునే విటాన్ వంటిదై ఉండాలి.

గాజు గొట్టంలో తలతన్యత ఎలాంటిదో, పీడనం హద్దు దాటితే ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్‌లో స్ప్రింగ్ అలాంటిది. 5 మిల్లీమీటర్ల రంధ్రం మీద స్టెయిన్‌లెస్ గోళీ కూర్చుని ఉందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు 6 కిలోల పీడనం ఆ గోళీని సుమారు 1.2 కిలోల బలంతో పైకి నెడుతుంది, కాబట్టి స్ప్రింగ్ కూడా అంతే బలంతో దాన్ని అదిమి ఉంచాలి. పొట్టిగా, బిరుసుగా ఉన్న స్ప్రింగ్‌ను 2 మిల్లీమీటర్లు నొక్కి ఆ బలం తెప్పించవచ్చు. పొడవుగా, మెత్తగా ఉన్నదాన్ని 12 మిల్లీమీటర్లు నొక్కీ తెప్పించవచ్చు. వాల్వ్ మూసి ఉన్నంతసేపు రెండూ ఒకటే. గోళీ అర మిల్లీమీటరు లేచిన క్షణంలో తేడా బయటపడుతుంది: బిరుసు స్ప్రింగ్‌లో బలం 25 శాతం పెరుగుతుంది, మెత్తటిదానిలో 4 శాతమే. అంటే మొదటి వాల్వ్ పూర్తిగా తెరుచుకోవాలంటే బాయిలర్‌లో పీడనం పావు వంతు పెరగాలి. నిప్పు మంచి మంట మీద ఉండగా, ఆవిరి ఎటూ పోకుండా అన్నీ మూసినప్పుడు, పీడనం పని పీడనం కంటే 10 శాతానికి మించి పెరగకూడదన్నది నమూనా బాయిలర్ల పరీక్షలో సాధారణంగా పాటించే నియమం. అసలు ఇంజన్ స్ప్రింగ్‌ను బొమ్మలో ఉన్నట్టే ఎనిమిదో వంతుకు కుదించిన వాల్వ్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఆ పరీక్షలో నిలవదు. బయటి ఆకారాన్ని అసలుదానిలా తిప్పి, మెత్తటి స్ప్రింగ్‌కు కావలసిన పొడవును బాయిలర్ లోపలికి దిగే భాగంలో దాచడమే దీనికి నాకు తెలిసిన మార్గం.

గోళీ కూర్చునే అంచు ఎంత సన్నగా, ఎంత నునుపుగా ఉంటే అంత తక్కువ కారుతుంది. రంధ్రాన్ని డ్రిల్‌తో ముగించకుండా, దాన్ని నునుపుగా సరైన కొలతకు తెచ్చే రీమర్‌తో ముగించి, ఒక గోళీని దాని మీద పెట్టి, ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో ఒక్క చిన్న దెబ్బ వేస్తే గోళీ తన గూడు తానే చేసుకుంటుంది. దెబ్బ తిన్న గోళీని పారేసి కొత్తది వేయాలి. సైకిల్ దుకాణంలో దొరికే గోళీలు వాడవచ్చా అని అడుగుతుంటారు; అవి మామూలు ఉక్కువి, నాలుగు రోజుల్లో తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ గోళీలు బేరింగుల దుకాణాల్లో అడిగి తీసుకోవాలి. బాయిలర్‌లోకి నీరు వెళ్ళేచోట ఉండి, దాన్ని వెనక్కి రానివ్వని క్లాక్ వాల్వ్‌లోనూ ఇదే గోళీ, ఇదే గూడు. అక్కడ గోళీ ఎంత లేవాలో లెక్క సులభం: రంధ్రం వ్యాసంలో నాలుగో వంతు లేస్తే చుట్టూ ఏర్పడే సందు వైశాల్యం రంధ్రం వైశాల్యానికి సమానమవుతుంది. అంతకన్నా ఎక్కువ లేవనిస్తే ప్రయోజనం లేకపోగా, పంపు ప్రతి పోటుకూ గోళీ ఆలస్యంగా మూసుకుంటుంది.

ఇక్కడ చట్టం గురించి ఒక మాట చెప్పాలి. మన దేశంలో బాయిలర్ల చట్టం 25 లీటర్ల కంటే తక్కువ సామర్థ్యం ఉన్న పాత్రను బాయిలర్‌గా లెక్కించదు. నా ఇంజన్ బాయిలర్ ఆ పరిమితికి చాలా దిగువన ఉంటుంది, కాబట్టి దాన్ని చూడటానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆ కారణంగానే పరీక్ష విషయంలో నేను మరింత కఠినంగా ఉంటాను. కొత్త బాయిలర్‌ను నిప్పు పెట్టకముందే, లోపల గాలి లేకుండా చల్లని నీటితో నింపి, చేతిపంపుతో పని పీడనానికి రెట్టింపు ఎక్కించి చూస్తాను. నీరు దాదాపు కుదించుకుపోదు కాబట్టి ఎక్కడైనా విచ్చినా నీరు కారి ఆగిపోతుంది; గాలితోనో ఆవిరితోనో చేస్తే పేలుతుంది.

లోహం ఎంపికలో జరిగే పొరపాటు వెంటనే కనిపించదు, అందుకే అది ఎక్కువ నష్టం చేస్తుంది. ప్యారీస్ కార్నర్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ వీధుల్లో ఇత్తడి కడ్డీ సులువుగా దొరుకుతుంది, లేత్ మీద హాయిగా తెగుతుంది, మెరుస్తుంది. కానీ ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. వేడి నీటిలో నిరంతరం మునిగి ఉన్నప్పుడు అందులోని జింకు మెల్లగా కరిగిపోయి, స్పంజిలాంటి బలహీనమైన రాగి మిగులుతుంది. బయటి ఆకారం మారదు కనుక చూసేవారికి ఏమీ తెలియదు. అందుకే బాయిలర్‌కు అతికే బుష్‌లూ నీటిమట్టానికి దిగువన ఉండే ఫిట్టింగులూ గన్‌మెటల్‌తోనో ఫాస్ఫర్ బ్రాంజ్‌తోనో చేయాలి. గన్‌మెటల్ అంటే మన కంచుకు దగ్గరి చుట్టం: సాధారణంగా 88 పాళ్ళు రాగి, 10 పాళ్ళు తగరం, 2 పాళ్ళు జింకు. ఒక దుకాణంలో గన్‌మెటల్ అని చెప్పి ఇచ్చిన కడ్డీతో నేను చేసిన క్లాక్ వాల్వ్‌ను రెండేళ్ళ తరువాత విప్పినప్పుడు, మర ఉన్న భాగం ఎర్రబారి గోరుతో గీకితే పొడిగా రాలింది. అప్పటినుంచి ప్రతి కొత్త కడ్డీ కొసనూ ఆకురాయితో రుద్ది, ఖాయంగా గన్‌మెటల్ అని తెలిసిన ముక్క పక్కన పెట్టి చూస్తున్నాను. ఇత్తడి పచ్చగా, గన్‌మెటల్ ఎర్రటి ఛాయతో కనిపిస్తుంది. లేత్ మీద పెడితే ఇత్తడి తురుము పొడిపొడిగా ఎగిరిపడుతుంది, కంచు జాతి లోహం కాస్త బంకగా, ఎదురు తిరుగుతూ తెగుతుంది. ఇత్తడిని తొలిచేటప్పుడు డ్రిల్ మొన అంచును కొద్దిగా చదును చేసుకోవడం మరవకూడదు. మామూలు మొన ఇత్తడిలోకి తనంత తాను లాక్కుపోయి చిన్న ఫిట్టింగ్‌ను లేత్ పట్టు (చక్) నుంచి ఊడబెరుకుతుంది.

మరల విషయానికి వస్తే, కుళాయి పనివారి దగ్గర దొరికే అతి చిన్న పైపు మర ఎనిమిదో అంగుళానిది, అదే దాదాపు పది మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. నమూనాలో అది బానలా కనిపిస్తుంది. 6 మిల్లీమీటర్ల మామూలు మెట్రిక్ మర 1 మిల్లీమీటరు పిచ్‌తో, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య అంత దూరంతో, లోతుగా దిగుతుంది కనుక, మధ్యలో 3 మిల్లీమీటర్ల దారి తొలిచాక మిగిలే గోడ పల్చబడుతుంది. 0.75 పిచ్ ఉన్న సన్నని మర వాడితే గోడకు బలం మిగులుతుంది, బిగింపు కూడా నెమ్మదిగా, అదుపులో ఉంటుంది. బ్రిటన్‌లో నమూనా ఇంజన్లు చేసేవారు ఏ వ్యాసానికైనా అంగుళానికి 40 చుట్లు ఉండే మరను వాడుకలోకి తెచ్చుకున్నదీ ఇందుకే. గొట్టాలకు ఏసీ మెకానిక్‌లు వాడే రాగి గొట్టాన్ని ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే దారంలా వంగుతుంది. దాని కొసకు శంఖువు ఆకారపు చిన్న నిపుల్‌ను వెండి కలిసిన టంకంతో అతకాలి. కంసాలులు వాడే వెలిగారం ఇక్కడా పనికివస్తుంది, అతికాక నల్లబడిన రాగిని శుభ్రం చేయడానికి నిమ్మ ఉప్పు ద్రావణం చాలు. టంకంలో కాడ్మియం లేదని రూఢి చేసుకున్నాకే మంట వెలిగించండి. దాని పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

అన్ని ఫిట్టింగుల్లోనూ నన్ను ఎక్కువ కాలం ముందుకు కదలనివ్వనిది ఇంజెక్టర్. ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ జిఫార్ 1858లో పేటెంట్ తీసుకున్న ఈ పరికరం, బాయిలర్ నుంచే వచ్చిన ఆవిరితో అదే బాయిలర్‌లోకి నీటిని తోస్తుంది. కదిలే యంత్రాంగం ఏమీ లేకుండా ఇది ఎలా సాధ్యమన్నది మొదట వినేవారికి నమ్మశక్యం కాదు. ఆవిరి సన్నని శంఖువు గుండా వ్యాకోచిస్తూ సెకనుకు వందల మీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగంతో రెండో శంఖువులోకి వచ్చి చల్లని నీటిని తాకి, అందులోనే నీరుగా మారిపోతూ తన వేగాన్ని దానికి అప్పగిస్తుంది. అలా పరుగెత్తే నీటిధార మూడో శంఖువులో నెమ్మదించి తన వేగాన్ని పీడనంగా మార్చుకుని క్లాక్ వాల్వ్ గోళీని ఎత్తి లోపలికి ప్రవేశిస్తుంది. 6 కిలోల పీడనాన్ని జయించాలంటే ఆ ధార వేగం సెకనుకు దాదాపు 35 మీటర్లు ఉండాలి. ఇంజన్ పెద్దదైనా చిన్నదైనా ఆ వేగం అంతే. కుదించగలిగినది గొంతు, అంటే శంఖువులో అతి ఇరుకైన చోటు, వ్యాసాన్ని మాత్రమే. నా ఇంజన్‌కు నిమిషానికి అర లీటరుకు పైచిలుకు నీరు చాలు, ఆ లెక్కన గొంతు 0.6 మిల్లీమీటర్లు వస్తుంది. అక్కడ 0.05 మిల్లీమీటర్లు ఎక్కువ తొలిస్తే వైశాల్యం 17 శాతం పెరుగుతుంది, మిగతా శంఖువులతో పొంతన పోతుంది, ధార బాయిలర్‌లోకి వెళ్ళకుండా కింది గొట్టం నుంచి బయటికి చిమ్ముతుంది. ఇలాంటి శంఖువులకు తగిన రీమర్లు బజారులో దొరకవు. సిల్వర్ స్టీల్ అనే పనిముట్ల ఉక్కు కడ్డీని కావలసిన వాలుకు తిప్పి, సగానికి రాచి, ఎర్రగా కాల్చి నీటిలో గట్టిపరచి, ప్రతి శంఖువుకూ ఒక రీమర్ చేసుకోవాలి. ఒక ఇంజెక్టర్ పూర్తయ్యేసరికి దానికంటే ఎక్కువ సమయం రీమర్లకే పట్టి ఉంటుంది.

చెన్నై ఎండకూ ఇంజెక్టర్‌కూ పడదు. ధారలో ఆవిరి పూర్తిగా నీరైపోవాలంటే లోపలికి వచ్చే నీరు ఆ వేడిని మింగేటంత చల్లగా ఉండాలి. మన రోహిణి కార్తె, ఇక్కడివారి అగ్ని నక్షత్రం రోజుల్లో మేడ మీది నల్ల ట్యాంకు నీరు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగుతుంది. నీరు 40 డిగ్రీలకు చేరువైతే నా ఇంజెక్టర్లు మొరాయిస్తాయి: నీరు కాని ఆవిరి బుడగలు ధారలో మిగిలిపోయి దాన్ని నురగగా మారుస్తాయి, నురగకు బాయిలర్ తలుపు తోసే బరువు ఉండదు. కాబట్టి వేసవిలో తెల్లవారుజామునే బండి నడుపుతాను, లేదా మట్టికుండలో రాత్రంతా ఉంచిన నీటిని టెండర్‌లో, అంటే ఇంజన్ వెనుక ఉండే నీటిపెట్టెలో, పోస్తాను. బోరు నీటిని అసలు దగ్గరికి రానివ్వను; అందులోని సున్నం 0.6 మిల్లీమీటర్ల గొంతును కొన్ని పరుగులకే మూసేస్తుంది. తమిళనాడులో 2003లో వాననీటి సేకరణ తప్పనిసరి అయ్యాక ఇళ్ళకు ఏర్పాటైన గొట్టాల్లో మా మేడ గొట్టం ఒకటి. ఈశాన్య రుతుపవనాల్లో దాని నుంచి డబ్బాలు నింపి, గుడ్డలో రెండుసార్లు వడకట్టి ఏడాదంతా వాడుకుంటాను. ఇంత చేసినా ఇంజెక్టర్‌ను ఒక్కదాన్నే నమ్ముకోను. ఇరుసు మీద నడిచే పంపు ఒకటి, టెండర్‌లో చేతిపంపు ఒకటి తప్పక ఉంటాయి.

కుదింపుకు లొంగని వాటిలో చివరిది ఈల. ఆవిరి ఈల స్వరం దాని గొట్టం పొడవును బట్టి ఉంటుంది. 300 మిల్లీమీటర్ల గొట్టం ఆవిరిలో సెకనుకు సుమారు 400 కంపనాలు పలికితే, దాని ఎనిమిదో వంతు గొట్టం ఎనిమిది రెట్లు, అంటే 3000కు పైగా పలుకుతుంది. సంగీతం తెలిసినవారి మాటలో చెప్పాలంటే సరిగ్గా మూడు స్థాయిలు పైన. ఎగ్మూరులో మీటర్ గేజ్ బండి కూత విని పెరిగిన చెవికి అది కూతలా వినిపించదు, కీచుమంటుంది. అందుకని క్యాబ్ ముందు బాయిలర్ మీద కనిపించే ఈలను మూగదిగానే తిప్పి నిలబెట్టి, అసలు ఈలను 150 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టంతో చేసి, చట్రం కింద చక్రాల మధ్య ఇంజన్ పొడవునా పడుకోబెట్టి దాచాను. అది అసలు కూతకు ఒక్క స్థాయి మాత్రమే పైన పలుకుతుంది. అలా పడుకున్న చల్లటి గొట్టంలో మొదటి ఆవిరి నీరుగా మారి స్వరాన్ని నొక్కేస్తుంది కనుక, దాని మూసిన కొస అడుగున ఒక మిల్లీమీటరు రంధ్రం వేశాను. మొదటిసారి లాగినప్పుడు ఆ రంధ్రం నుంచి రెండు చుక్కలు పడతాయి, రెండోసారికి కూత తేటపడుతుంది.